పండుగ రాకముందే పండుగ అయిపోతోంది

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 47 ఏళ్లు. పుట్టింది, చదివింది, ఉద్యోగం చేస్తున్నది అంతా ఒకే మహానగరంలో. నా చిన్నప్పుడు మా వీధిలో క్రిస్మస్ అంటే నెల రోజుల హడావిడి. రాత్రిళ్లు చర్చి యువకులు క్యారల్స్ పాడుతూ ఇంటింటికీ వచ్చేవాళ్లు. నాన్న రంగు కాగితాలతో నక్షత్రం చేసి గుమ్మం ముందు వేలాడదీసేవారు. పోస్టులో వచ్చిన గ్రీటింగ్ కార్డులన్నీ దారానికి గుచ్చి గోడకు కట్టేవాళ్లం. ఇప్పుడు నవంబర్ సగంలోనే మాల్స్‌లో మూడంతస్తుల చెట్లు, చెవులు చిల్లులు పడే పాటలు. మా అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట క్యారల్స్‌కు అనుమతి లేదు. కార్డుల ఊసే లేదు, డిసెంబర్ ఒకటో తారీఖు నుంచి ఫోనులో శుభాకాంక్షల వరద తప్ప. నాన్న పోయాక నక్షత్రం కూడా ప్లాస్టిక్‌దే కొంటున్నాం. మావారు “అన్నీ ఫోనులో తెప్పించుకోవచ్చు కదా, ఎందుకీ హైరానా” అంటారు. అబ్బాయికి 19, అమ్మాయికి 14. ఇద్దరికీ దేని మీదా ఆసక్తి లేదు. 25న మధ్యాహ్నానికల్లా తలో గదిలో తలో ఫోను పట్టుకుని ఉంటారు. మాతోనే ఉంటున్న అమ్మకు 76. “ఆ రోజులే వేరు” అని ఆమె అన్నప్పుడల్లా నాకు ఏడుపు వస్తుంది. మారింది నగరమా, నేనా? ఆ పండుగను నా పిల్లలకు ఎలా ఇవ్వను? లేక ఇక ఆశ వదులుకోవడమే మేలా? ఇంకో చిన్న సందేహం: ఆ శుభాకాంక్షల గ్రూపులను మ్యూట్ చేస్తే తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా,

మీరు పోగొట్టుకున్నవాటి జాబితా పొడవుగానే ఉంది. ముందు దాన్ని కాస్త తగ్గిద్దాం. అందులో కొన్నింటి కోసం బెంగ పెట్టుకోనవసరం లేదు.

గ్రీటింగ్ కార్డులనే తీసుకోండి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి ఉండేవారు. పండుగ వస్తోందంటే ఆయనకు ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడేవి. అన్నింటికీ చేత్తో జవాబు రాసే తీరిక లేదు, రాయకుండా ఊరుకుంటే మర్యాద కాదు. అందుకని జాన్ కాల్కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి, దాని కింద శుభాకాంక్షలు అచ్చు కొట్టించి, పేర్లు రాసుకోవడానికి చోటు వదిలారు. తన అవసరానికి పోగా మిగిలినవి షిల్లింగుకు ఒకటి చొప్పున అమ్మకానికి పెట్టారు. క్రిస్మస్ కార్డుల వ్యాపారానికి అదే మొదలు. ఆ బొమ్మలో ఒక కుటుంబం గ్లాసులెత్తి పట్టుకుని ఉంటుంది. ఒక చిన్నపిల్ల చేత కూడా ద్రాక్షసారా తాగిస్తుంటారు. అది చూసి అప్పటి మద్యనిషేధవాదులు మండిపడ్డారు. పండుగ పాడైపోతోందన్న ఫిర్యాదుకు కూడా కార్డుకున్నంత వయసు ఉందన్నమాట.

అంటే మీరు దారానికి గుచ్చి మురిసిపోయిన ఆ కార్డు, తీరిక లేని ఒక పెద్దమనిషి కనిపెట్టిన దగ్గరి దారి. ఫోను సందేశం దాని మనవరాలే. ప్రపంచంలో మొట్టమొదటి ఎస్ఎంఎస్ 1992 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో వెళ్లింది. నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు కంప్యూటర్ మీద టైపు చేసి పంపిన ఆ సందేశంలో ఉన్నది రెండే మాటలు: మెర్రీ క్రిస్మస్. అవతలి ఫోనుకు తిరిగి జవాబు పంపే సౌకర్యం కూడా లేదు. ఇప్పుడు మీ ఫోనులో పడుతున్న పూల బొమ్మల పరిస్థితీ దాదాపు అదే కదా, జవాబు ఎవరూ ఆశించరు. కాబట్టి కార్డులు పోయాయని బాధపడకండి. వాటి మీద మీ చిరునామా ఎవరో కూర్చుని రాశారన్నదే అందులో విలువైన సంగతి. ఆ పని ఫోనులోనూ చేయవచ్చు: బొమ్మ పంపడం మానేసి, పదిమందిని ఎంచుకుని మాట్లాడండి. పదిమంది చాలు.

ఇక నగరం సంగతి. నగరం మారిపోయిందని మీరు అంటున్నారు. నిజానికి క్రిస్మస్ విషయంలో ఏ మహానగరమూ రెండు తరాలపాటు ఒకేలా ఉన్న దాఖలా లేదు. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ జరుపుకుంటే జరిమానా వేసేవారు. వేసినవాళ్లు పరమతస్థులు కారు, ప్యూరిటన్లనే భక్తిపరులైన క్రైస్తవులే. బైబిల్లో లేని పండుగ మనకెందుకని వాళ్ల వాదన. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో క్రిస్మస్ అంటే తాగి వీధుల్లో గుంపులుగా తిరగడం, తలుపులు బాదడం, గోల. విసిగిపోయిన కలవారు పండుగను వీధిలోంచి ఇంట్లోకి, పెద్దల చేతుల్లోంచి పిల్లల చేతుల్లోకి మార్చేశారు. ఇంట్లో చెట్టు పెట్టుకోవడం జర్మన్ల అలవాటు. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడి ఉన్న బొమ్మ ఒక లండన్ పత్రికలో పడగానే ఇంగ్లండ్‌లో ప్రతి మధ్యతరగతి ఇంటికీ అది కావాల్సి వచ్చింది. 1882లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లోని తన ఇంట్లో చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 చిన్న విద్యుత్ బల్బులు చుట్టి, ఆ చెట్టును గుండ్రంగా తిప్పి చూపించారు. కొవ్వొత్తుల వెలుగులో పెరిగిన అప్పటి ముసలమ్మలు దాన్ని చూసి ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

మీ చిన్నతనపు వీధి కూడా అలాంటి ఒక దశే. అందులో పుట్టారు కాబట్టి అదే అసలైన క్రిస్మస్ అనిపిస్తుంది. మీ అమ్మాయికి నలభై దాటాక ఈ మాల్ చెట్టే తలుచుకుని కళ్లు చెమర్చవచ్చు. నవ్వకండి, అలాగే జరుగుతుంది.

అయితే మీ బాధంతా ఉత్త భ్రమ అని తేల్చేయడానికి నేను ఇది రాయడం లేదు. ఈ మార్పుల్లో రెండు మాత్రం నిజమైన నష్టాలు. ఒకటి, చేసే పండుగ చూసే పండుగ అయిపోయింది. రెండోది అంతకంటే పెద్దది: ఎదురుచూపు పోయింది.

మొదటిదానికి న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్ చెట్టును మించిన ఉదాహరణ లేదు. 1931లో, మహామాంద్యం రోజుల్లో, ఆ భవనాలు కడుతున్న కూలీలు తలాకొంత వేసుకుని ఇరవై అడుగుల చెట్టు ఒకటి కొన్నారు. ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు చేసిచ్చిన కాగితపు దండలు, గుచ్చిన పండ్ల దండలు దానికి చుట్టారు. జీతాలు తీసుకోవడానికి ఆ బురదలో, ఆ చెట్టు పక్కనే వరుస కట్టారు. రెండేళ్లకు, 1933లో, యాజమాన్యమే ఆ పని చేతిలోకి తీసుకుని 700 దీపాలతో అధికారికంగా చెట్టు వెలిగించింది. ఇప్పుడు దాన్ని టీవీలో లక్షలమంది చూస్తారు, కింద నిలబడి ఫోటోలు దిగుతారు. చెట్టు ఎన్నో రెట్లు పెద్దదైంది, అందమైంది. కానీ చూసేవాళ్లలో ఒక్కరికీ దాని మీద చేతిపని లేదు. మీ ఇంట్లోనూ చిన్న ఎత్తున ఇదే జరిగింది. నక్షత్రం కొంటున్నారు, తినేది తెప్పిస్తున్నారు, పాటలు స్పీకర్ పాడుతోంది. ఇంక మీ పిల్లలు ఏం చేయాలి? చూడాలి. అంతకంటే బాగా చూపించేది వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి దాన్నే చూస్తున్నారు.

ఎదురుచూపు సంగతి చెప్పే ముందు ఇంకొకరి కథ. యోహాన్ హిన్రిక్ విఖర్న్ అనే పాస్టరు 1833లో జర్మనీలోని హాంబర్గ్ నగర శివార్లలో దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టారు. డిసెంబర్ వచ్చిందంటే ఆ పిల్లలు “క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులు?” అని రోజూ ప్రాణం తీసేవాళ్లు. 1839లో ఆయన ఒక పాత బండి చక్రం తెప్పించి, దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టారు. మామూలు రోజులకు చిన్న ఎర్రవి, నాలుగు ఆదివారాలకు పెద్ద తెల్లవి. రోజుకొకటి వెలిగించి ప్రార్థన చేసేవారు. అన్నీ వెలిగిన రోజు క్రిస్మస్. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో (అడ్వెంట్) ఇప్పుడు మనం చర్చిల్లో చూసే నాలుగు కొవ్వొత్తుల వలయానికి మూలం ఆ చక్రమే. గమనించండి, ఆయన పిల్లల ఆత్రం తీర్చలేదు. పండుగను ముందుకు జరిపి డిసెంబర్ మొదట్లోనే కేకు కోసి ఊరుకోబెట్టలేదు. ఆగడమెలాగో కళ్లకు కనిపించేలా చేశారు.

చర్చి కేలండర్‌లో క్రిస్మస్ పద్ధతి అది. ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం. అది నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య వచ్చే ఆదివారంతో మొదలవుతుంది. పూర్వం అందులో వేడుకలు ఉండేవి కావు, ఉపవాసాలు కూడా ఉండేవి. తర్వాత 25. ఆ రోజుతో పండుగ అయిపోదు, మొదలవుతుంది. అక్కడి నుంచి పన్నెండు రోజులు సాగి, పసి యేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల్ని తలుచుకునే జనవరి 6 దగ్గర ముగుస్తుంది. ఈ పన్నెండు రోజులూ పండుగేనని 567లో ఫ్రాన్స్‌లోని టూర్ నగరంలో జరిగిన చర్చి సభ నిర్ణయించింది.

దుకాణాల కేలండర్ దీనికి సరిగ్గా తలకిందులు. సరుకు అమ్ముడుపోవాల్సింది 25కు ముందు కాబట్టి పాట, దీపం, ఆనందం అన్నీ ముందే కావాలి. న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణం 1874లోనే అద్దాల వెనక బొమ్మల కొలువు పెట్టి జనాన్ని రప్పించింది. అప్పటి నుంచి ఈ ఆనందం ముందుకు జరుగుతూ జరుగుతూ నవంబర్ సగానికి చేరింది. 26 ఉదయానికి అదే దుకాణంలో నక్షత్రాలు సగం ధరకు అమ్ముతుంటారు. నలభై రోజులు చక్కెర తిన్నవాడికి అసలు రోజున పాయసం పెడితే ఎలా ఉంటుంది? మీ పిల్లలకు 25 మధ్యాహ్నం ఆసక్తి లేకపోవడం పొగరు కాదు. వాళ్లకు నిజంగానే మొహం మొత్తింది. మీకూ మొత్తింది, కాకపోతే దాన్ని మీరు దిగులనుకుంటున్నారు.

మారింది నగరమా నేనా అని అడిగారు. ఇద్దరూ. అయితే మీలో వచ్చిన మార్పు మీరనుకుంటున్నది కాదు. అప్పుడు మీరు పండుగ అందుకునే మనిషి. ఇప్పుడు చేయాల్సిన మనిషి. ఇక్కడ అమ్మగారి ప్రస్తావన తేక తప్పదు. ఈసారి ఆవిడ “ఆ రోజులే వేరు” అన్నప్పుడు ఏడవకుండా పక్కన కూర్చుని ఒక మాట అడగండి: “ఆ రోజుల్లో 24 రాత్రి నువ్వు ఎన్నింటికి పడుకునేదానివమ్మా?” అర్ధరాత్రి వచ్చిన క్యారల్స్ బృందానికి టీ పెట్టింది ఎవరు, మీ గౌను మడత నలగకుండా ఇస్త్రీ చేసింది ఎవరు, మర్నాడు వచ్చిన చుట్టాల గిన్నెలన్నీ తోమింది ఎవరు? మీ జ్ఞాపకంలో పాట ఉంది, నక్షత్రం ఉంది, కార్డుల దండ ఉంది; వంటింట్లో ఉన్న మనిషి లేరు. ఆవిడ ఆ రోజులు తలుచుకునేది అవి సుఖంగా గడిచాయని కాకపోవచ్చు. అప్పుడు ఇల్లంతా తన చేతి మీదుగా నడిచింది, ఇప్పుడు ఎవరూ తనకు ఏ పనీ చెప్పడం లేదు. 76 ఏళ్ల మనిషిని గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టి పండుగ చూడమంటే ఆవిడ మాత్రం పాత రోజులు తలుచుకోక ఏం చేస్తారు?

నాన్నగారు లేని లోటు గురించి ఒక్క ముక్క. అది నగరం చేసిన పని కాదు. మాల్ మీద కోపంలో దాన్ని కలిపేయకండి. ప్లాస్టిక్ నక్షత్రం చూసినప్పుడు బాధ కలిగితే, అది ఆయన కోసమేనని పిల్లల ముందు పైకే చెప్పండి. ఆయన నక్షత్రం ఎలా చేసేవారో వాళ్లకు తెలియదు కదా.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. పాత పండుగను తిరిగి తేవడం అన్న ఆలోచన మానేయండి, అది కుదిరేది కాదు. తారీఖులు మార్చండి. నగరం ముందుకు జరిపిన పండుగను మీ గడప లోపల దాని చోటికి వెనక్కి జరపండి. మాల్ యాజమాన్యం మీ మాట వినదు గానీ, మీ హాలు మీ మాట వింటుంది.

మీ సంఘంలో అడ్వెంట్ పాటించే అలవాటు ఉన్నా లేకపోయినా, మొదటి ఆదివారం సాయంత్రం ఒకే ఒక్క కొవ్వొత్తి వెలిగించండి. ఆ వారం ఇంట్లో ఇంకే అలంకరణా వద్దు. రెండో ఆదివారం నుంచి నక్షత్రం పని. మూడో ఆదివారం యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో సర్దండి. పాకలో మరియ, యోసేపు, పశువులు ఉండవచ్చు, తొట్టిలో పసిబిడ్డ మాత్రం ఉండకూడదు. ఆ బొమ్మ అమ్మగారి దగ్గర దాచిపెట్టండి, 24 రాత్రి ఆరాధన నుంచి వచ్చాక ఆవిడే తెచ్చి పెడతారు. చెట్టు 24న. జర్మన్ ఇళ్లలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి అదే: పెద్దలు తలుపు మూసి అలంకరించి, సాయంత్రానికి గానీ పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. మీ ఇంట్లో తలుపు మూసి పిల్లలే అలంకరించి పెద్దల్ని పిలవడం ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. నాలుగో వారం దాకా ఇంట్లో స్పీకర్ మీద క్రిస్మస్ పాటలు పెట్టకండి. ఈ ఒక్క నియమం కష్టంగా అనిపిస్తుంది, అందరికంటే ముందు మీరే తప్పుతారు. ఫర్వాలేదు, మళ్లీ మొదలుపెట్టండి.

నక్షత్రం పని అమ్మాయికి అప్పగించండి. ఊరికే “సాయం చేయవే” అంటే 14 ఏళ్ల పిల్ల రాదు, వస్తే మొహం మాడ్చుకుని వస్తుంది. ఆమెకు సవాలు కావాలి. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో మొరేవియన్ అనే శాఖ క్రైస్తవుల బడుల్లో కాగితపు నక్షత్రాన్ని రేఖాగణితం పాఠంలో భాగంగా చేయించేవారు. ఆ నమూనా ఇప్పటికీ హెర్న్‌హుట్ నక్షత్రం పేరుతో ఉంది. నడిమి భాగానికి 26 ముఖాలు ఉంటాయి: 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు. ఒక చతురస్రం వేలాడదీయడానికీ, లోపల బల్బు పెట్టడానికీ వదిలేసి, మిగిలిన 25 ముఖాల మీద 25 కోసులు, అంటే మొనదేలిన కిరణాలు, అతికించాలి. వాటిలో 17 కోసులకు అడుగుభాగం నలుచదరంగా, 8 కోసులకు మూడు పలకలుగా ఉంటుంది. మందపాటి కాగితం, స్కేలు, కత్తెర, జిగురు ఉంటే చాలు. అతికించడానికి అంచున వేలెడు రెక్క వదలకుండా కత్తిరిస్తే ఆ కోసు పనికిరాదు, అది ముందే చెప్పండి. మడత పెట్టబోయే గీత మీద స్కేలు ఆన్చి, సిరా అయిపోయిన పెన్నుతో గట్టిగా గీస్తే మడత సూటిగా వస్తుంది. ఒక్క రోజులో అయ్యే పని కాదు, కాకూడదు కూడా. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టండి. పాత బల్బుల వేడికి కాగితం నల్లబడుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. అది వంకరగా వచ్చినా ప్లాస్టిక్‌ది పక్కన పెట్టండి. రంగు మాత్రం ఆమె ఇష్టం. నల్ల నక్షత్రం చేస్తానన్నా నోరెత్తకండి. అప్పగించాక పెత్తనం కూడా అప్పగించాలి, లేకపోతే అది మీ నక్షత్రమే అవుతుంది.

అబ్బాయి సంగతి వేరు. 19 ఏళ్లవాణ్ని కుటుంబంతో కూర్చో అని బతిమాలితే పారిపోతాడు. మహానగరంలో చదువుకో, ఉద్యోగానికో వచ్చి పండుగకు ఇంటికి వెళ్లలేనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాంటి స్నేహితుల్ని ఇద్దరినో ముగ్గురినో 25న భోజనానికి పిలిచే బాధ్యత వాడికివ్వండి. క్రైస్తవులే కానవసరం లేదు. బయటివాళ్లు వస్తే గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం వాడికే ఇబ్బంది. అర్ధరాత్రి ఆరాధనకు రానంటే రెండోసారి అడగకండి. ఇంటికి రాగానే వేడిగా టీ పెట్టి ఉంచమని మాత్రం చెప్పండి. ఎవరో ఒకరు ఆ టీ పెట్టాలి కదా, ఇన్నేళ్లూ పెట్టినవాళ్లు పెట్టారు.

మీవారు చెప్పిందాంట్లో నాకు తప్పు కనిపించలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించగలిగినవన్నీ తెప్పించుకోండి. మీ అమ్మగారి తరం ఆడవాళ్లకు ఆ సౌకర్యం ఉంటే ఒక్కరూ వద్దనేవారు కాదు. అయితే మిగిలిన సమయం ఎక్కడికి పోతోందో చూసుకోండి. తెప్పించే పని ఆయనది కాబట్టి వడ్డించే పని, గిన్నెల పని కూడా ఆయనకే ఇవ్వండి. హైరానా తగ్గాలని మొదట అడిగింది ఆయనే.

క్యారల్స్ విషయంలో నేను మీ అపార్ట్‌మెంట్ సంఘం పక్షమే, కోపం తెచ్చుకోకండి. అర్ధరాత్రి మైకు పెట్టి పాడితే చంటిపిల్లలున్న ఇల్లు ఏం కావాలి? పాత వీధిలో నాలుగిళ్లవాళ్లూ ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టి చెల్లింది. వాళ్లతో పోట్లాడకుండా ఒక కాగితం రాసివ్వండి: ఫలానా తేదీ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, మైకు లేకుండా, పదిమందికి మించకుండా, రమ్మని పేరిచ్చిన ఇళ్లకే వస్తాం. ఇలా అడిగితే కాదనడానికి వాళ్లకు కారణం దొరకదు. ఆ పేర్లలో మీరు ఊహించని ఇళ్లు ఉంటాయి, వేరే మతంవాళ్లవి కూడా. ముందు ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లండి, వాళ్లకు సాయంత్రమే అనువు. పాడేవాళ్లు నలుగురే దొరికినా వెళ్లండి. గొంతు బాగుండాలన్న నియమం క్యారల్స్‌కు ఎన్నడూ లేదు. మీ చిన్నప్పుడు వచ్చినవాళ్లు కూడా శ్రుతిలో పాడి ఉండరు.

అన్నింటికంటే ఎక్కువగా మీరు వాడుకోవాల్సింది 26 తర్వాతి రోజులు. మహానగరం అప్పటికి క్రిస్మస్‌ను మరచిపోయి కొత్త సంవత్సరం హడావిడిలో పడుతుంది. దుకాణాల్లో ఆ పాటలు ఆగిపోతాయి. పండుగ పూర్తిగా మీ ఒక్కరిదే అవుతుంది. 25న అందరిళ్లకూ తిరగాలని ట్రాఫిక్‌లో సగం రోజు పోగొట్టుకోకుండా చుట్టాలను ఈ పన్నెండు రోజుల మీద పరచండి. ఇంకో సంగతి. మీరు 25న సెలవు తీసుకోగలిగితే, అది ఎవరో సెలవు లేకుండా పనిచేస్తున్నందువల్ల. ఆసుపత్రి నర్సు, బస్సు డ్రైవరు, మీ గేటు దగ్గర కాపలా మనిషి, మీవారు ఆర్డర్ పెట్టింది మోసుకొచ్చిన కుర్రాడు. మీ చర్చిలోనే అలాంటివాళ్లు ఉండి ఉంటారు, ఆ రోజు ఆరాధనలో వాళ్ల చోటు ఖాళీగా ఉండి ఉంటుంది. 28నో, 30నో వాళ్లను భోజనానికి పిలవండి. వాళ్లకు అదే క్రిస్మస్ అవుతుంది. మిగిలిపోయిన భోజనం పెడుతున్నట్టు కాకుండా, పాక దగ్గర దీపం వెలిగించి, చెట్టు తీసేయకుండా ఉంచి పిలవండి.

పాక పెడతారు కాబట్టి ఒక సరదా కూడా చెబుతాను, కొన్ని కుటుంబాల్లో ఉన్నదే. జ్ఞానుల బొమ్మలు ముగ్గురినీ 25న పాకలో పెట్టరు. ఇంటికి ఆ చివర, ఏ పుస్తకాల అలమారా మీదో పెట్టి, రోజుకు కొంత జరుపుతూ జనవరి 6కు పాక దగ్గరికి చేరుస్తారు. ఆ ప్రయాణం అమ్మగారికి అప్పగించండి. ఏ రోజు ఎక్కడ విడిది చేయించాలన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. ఫ్రిజ్ మీద దిగినా అడ్డు చెప్పకండి.

ఇవన్నీ ఒకే ఏడాది చేయబోకండి. చేస్తే మీరు మీ అమ్మగారిలాగే 24 రాత్రి వంటింట్లో ఉంటారు. ఈ ఏడాదికి నక్షత్రం, చెట్టు 24న పెట్టడం, 26 తర్వాత ఒక్క భోజనం. ఈ మూడు చాలు. నచ్చనిది వచ్చే ఏడాది తీసేయండి. క్రిస్మస్‌లో ఎన్నటికీ మార్చకూడనిది ఆరాధన ఒక్కటే. తక్కినవన్నీ ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, తమ వీలును బట్టి పెట్టుకున్నవే.

ఆశ వదులుకోవాలా అన్నారు. వద్దు. మీరు ఇంకా మొదలే పెట్టలేదు.

గ్రూపుల సంగతి మరచిపోలేదు. నిస్సంకోచంగా మ్యూట్ చేయండి, డిసెంబర్ ఒకటి నుంచి 24 దాకా. పండుగకు ముందే వచ్చిన శుభాకాంక్షకు సమాధానం ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. అత్తగారివైపు గ్రూపును మాత్రం ముట్టుకోకండి. సందేశం చదివారని చూపించే ఆ నీలం గీతలను బట్టి ఎవరు చూశారో ఎవరు చూడలేదో లెక్కపెట్టే మేనత్త ఒకరు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు.